ఒకే ఏస్‌లో బుల్లెట్టూ స్ప్లెండరూ ఎక్కించాలి, ఎలా కట్టాలో చెప్పండి

కూర్మన్నపాలెం కుర్రోడు:
అందరికీ నమస్కారం. నాన్నగారికి వైజాగ్ నుంచి పార్వతీపురం బదిలీ అయింది. ఇంటి సామాను తీసుకెళ్లే లారీవాళ్లు బళ్లు మాత్రం ఎక్కించుకోం అని తెగేసి చెప్పారు. ఉన్నవి రెండు, నా 2016 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బుల్లెట్, నాన్నగారి పాత స్ప్లెండర్. బుల్లెట్‌కి క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి, గేరు వేసి లాగితే ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి కదలదు, ఈ పరిస్థితిలో 150 కిలోమీటర్ల పైన తోలే ధైర్యం నాకు లేదు. మా వీధిలో టాటా ఏస్ ఉన్నాయన వస్తానన్నారు. మంచాయనే, కానీ "సైడ్ స్టాండ్ వేసి తాడు బిగించి కట్టేస్తే ఎక్కడికీ పోవు" అంటున్నారు. అది విన్న దగ్గర్నుంచి టెన్షన్. అసలు రెండూ ఒకే ట్రిప్పులో పడతాయా? ఇలా పంపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బుల్లెట్ బాబాయ్:
సైడ్ స్టాండ్ మాట ఎత్తొద్దు తమ్ముడూ. బండిని ఒక పక్కకి వాల్చి తాడుతో ఎంత బిగించినా, గుంటలో పడగానే షాకబ్జర్లు కిందికి దిగుతాయి. అవి దిగినప్పుడల్లా తాడు ఒక్క క్షణం వదులవుతుంది, ఆ క్షణంలో బండి ఎగిరి మళ్లీ ఆ ఒక్క కాలు మీదే పడుతుంది. బుల్లెట్ బరువు 190 కిలోల పైమాటే. పదిసార్లు అలా పడితే స్టాండ్ వంగుతుంది, లేదా తొట్టి రేకుకి సొట్ట పెడుతుంది, లేదా రెండూ. స్టాండ్ తీసేసి బండిని నిటారుగా రెండు చక్రాల మీదే నిలబెట్టి, ముందు షాకులు సగం దాకా నొక్కుకునేలా రెండు వైపులా కిందికి లాగి కట్టాలి. అప్పుడు గుంట వచ్చినా స్ప్రింగ్ ఎప్పుడూ పైకి తోస్తూనే ఉంటుంది కాబట్టి బెల్టు వదులవదు.

పాత లారీ:
ఇప్పటి పిల్లలకి ప్రతిదానికీ బెల్టులు కావాలి. నేను చెన్నై కలకత్తా హైవే మీద లారీ తోలినప్పుడు ఎన్నో మోటారు సైకిళ్లు తెచ్చాం, డబుల్ స్టాండ్ వేసి, కింద గోనెసంచులు పరిచి, నాలుగు మూలలా మోకు వేసి లాగి కట్టేవాళ్లం. ఒక్కటీ పడలేదు. ఆ ఏస్ ఆయన సైడ్ స్టాండ్ అంటే తప్పే, డబుల్ స్టాండ్ అనుంటే నేను ఆయన పక్షమే.

స్పానర్ మేస్త్రీ:
గురువుగారూ, మీ లారీకి నడుం దాటి పక్క గోడలుండేవి, బళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఇరుక్కుని ఉండేవి, మధ్యలో సామాను కూడా ఉండేది. ఏస్ తొట్టికి గోడ అడుగు ఎత్తే. బండి ఒరిగిందంటే ఆపడానికి అక్కడ ఏమీ లేదు.

డబుల్ స్టాండ్‌తో ఇంకో చిక్కు ఉంది. అది ముందుకి తోస్తే దిగిపోయేలా తయారైన స్టాండ్. ఏస్ సడన్ బ్రేకు కొడితే లోపలున్న బండి ముందుకే పోవాలని చూస్తుంది, స్టాండ్ మడుచుకుంటుంది, అంతవరకూ బిగుతుగా ఉన్న తాడు ఒక్కసారిగా రెండంగుళాలు వదులు. పైగా స్టాండ్ మీదున్నప్పుడు వెనక చక్రం గాల్లో ఉంటుంది, బరువులో ఎక్కువ పాలు రెండు ఇనప కాళ్ల మీద. మా కంచరపాలెం షెడ్డుకి స్టాండ్ లగ్గులు, అంటే స్టాండ్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ఇనప చెవులు, పగిలి వచ్చిన బండి ఉంది, ఎవరో ప్యాకర్స్ వాళ్లు అలా కట్టి దింపి వెళ్లారు, అడిగితే "ముందే ఉంది" అన్నారట. లగ్గు వెల్డింగ్ చేయించడం ఫ్రేముకి మంచిది కాదు, అయినా ఇంకేం చేస్తాం.

పాత లారీ:
సరే, చక్రాల మీదే కట్టండి. కానీ మోకు పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను.

ఎంవీపీ డబుల్ రోడ్:
ముందు అసలు పడతాయా అన్నది చూడండి. ఏస్ గోల్డ్ తొట్టి పొడవు 7 అడుగుల చిల్లర, వెడల్పు 5 అడుగులకి కాస్త తక్కువ. క్లాసిక్ పొడవు కూడా 7 అడుగుల దగ్గరే. ముందు చక్రం క్యాబిన్ వైపు గోడకి ఆనిస్తే వెనక మడ్‌గార్డుకీ తలుపుకీ మధ్య అంగుళమో అంగుళన్నరో మిగులుతుంది. పాత మోడల్ ఏస్ అయితే టేపు పెట్టి కొలుచుకోవాల్సిందే. స్ప్లెండర్ 2 మీటర్లు, దానికి ఇబ్బంది లేదు.

బరువు గురించి ఆలోచించక్కర్లేదు. 190, 110 కలిపినా 300 కిలోలు, ఏస్ మోసేది అంతకు రెట్టింపు పైన. ఇబ్బంది వెడల్పు దగ్గర వస్తుంది. రెండూ ఒకే వైపు మొహం పెట్టి పక్కపక్కన నిలబెడితే హ్యాండిళ్లు ఢీకొంటాయి. బుల్లెట్ క్యాబిన్ వైపు చూడాలి, స్ప్లెండర్ వెనక్కి చూడాలి. ఒకదాని హ్యాండిల్ దగ్గర ఇంకోదాని సీటు వస్తుంది.

కూర్మన్నపాలెం కుర్రోడు:
ఇది బాగుంది, ఉల్టా పెట్టొచ్చు అని నాకు తట్టనే లేదు. బొలేరో పికప్ మాట్లాడుకుంటే ఇంకా సుఖమా?

ఎంవీపీ డబుల్ రోడ్:
తొట్టి పొడవు ఎక్కువ, కానీ ఎత్తు కూడా ఎక్కువ, ఎక్కించడానికి ప్రాణం పోతుంది. బాడుగ కూడా ఎక్కువే. నీకు ఏస్ చాలు. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఈ చిన్న ట్రక్కుల వెనక పట్టీల స్ప్రింగులు నిండు లోడు కోసం చేసినవి. నీది సగం లోడు కూడా కాదు, కాబట్టి ఖాళీ బండిలాగే ఎగురుతుంది. డ్రైవర్‌కి ఇది ముందే చెప్పు. "తక్కువ లోడే కదా" అని తొక్కేస్తారు, సరిగ్గా అక్కడే తంటా.

సాగర్‌నగర్ శీను:
నాదో అమాయకపు ప్రశ్న. రైల్లో పార్శిల్ వేయొచ్చు కదా? వైజాగ్ నుంచి పార్వతీపురానికి లైను ఉందిగా.

బుల్లెట్ బాబాయ్:
వేయొచ్చు. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయాలి, గోనె చుట్టి ప్యాకింగ్ చేయించాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు కాపీలు ఇవ్వాలి. కానీ చిన్న స్టేషన్లలో రైలు ఆగేది కాసేపే, అక్కడ బండి దింపుతారో లేదో పార్శిల్ ఆఫీసులో ముందే అడగాలి. హైదరాబాదుకో చెన్నైకో అయితే రైలే నయం. పార్వతీపురానికి ఇంటి దగ్గర ఎక్కించి ఇంటి దగ్గర దింపుకునే పని కదా, ఏసే మేలు.

స్పానర్ మేస్త్రీ:
కట్టేది సరే, ఎక్కించేది ఎవరూ చెప్పట్లేదు. బళ్లు పడేది దారిలో తక్కువ, ఎక్కించేటప్పుడు, దింపేటప్పుడు ఎక్కువ.

ముందుగా గట్టు చూసుకో. మన ఊళ్లో ఎత్తుపల్లాలకి కొదవేం లేదు. రోడ్డు ఎత్తుగా ఉండి పక్కన స్థలం పల్లంగా ఉన్నచోట ఏస్‌ని పల్లంలో వెనక్కి ఆనిస్తే సగం ఎత్తు అక్కడే తగ్గిపోతుంది. తర్వాత పలక. మేస్త్రీల దగ్గర సెంట్రింగ్ పలకలు ఉంటాయి, 8 అడుగులకి తక్కువ కాకుండా, రెండంగుళాల మందం ఉన్నది, పగుళ్లు లేనిది అడిగి తెచ్చుకో. ఒకటి కాదు, రెండు. ఒకదాని మీద చక్రాలు, రెండోదాని మీద నడిచే మనిషి. చాలామంది ఒక్క పలక వేసి, సగం దూరం వెళ్లాక కాలు ఎక్కడ పెట్టాలో తెలీక బండిని వదిలేస్తారు. పలక పై కొసని తలుపు కొక్కేలకి తాడుతో కట్టాలి. కట్టకపోతే వెనక చక్రం ఎక్కే సమయానికి పలక వెనక్కి జారి కిందపడుతుంది, దాని వెంటే బండి, దాని వెంటే నువ్వు.

పొట్టి పలక వేస్తే ఇంకో సమస్య. పలక పైకొసా తొట్టి అంచూ కలిసే చోట మూపులాగా ఎత్తు వస్తుంది కదా, అక్కడ బుల్లెట్ డబుల్ స్టాండ్ తగులుకుని బండి ముందుకీ రాదు, వెనక్కీ పోదు. పలక ఎంత పొడవుంటే ఆ మూపు అంత తగ్గుతుంది.

నీ బుల్లెట్‌కి క్లచ్చే లేదు కాబట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి ఫస్ట్ గేరులో నడిపించుకుంటూ ఎక్కించే ఆలోచన మానెయ్. ముగ్గురు కావాలి. ఫోర్కు దగ్గర తాడు కట్టి తొట్టిలోంచి ఒకరు లాగాలి, ఎడమ పక్క హ్యాండిల్ పట్టుకుని ఒకరు, కుడి పక్క వెనక నుంచి తోస్తూ ఒకరు. మధ్యలో ఆపాలంటే ముందు బ్రేకు నమ్మకండి. ఏటవాలు మీద బరువంతా వెనక చక్రం మీదికి పోతుంది, ముందు చక్రం బిగుసుకున్నా చెక్క మీద జర్రున జారుతుంది. కుడి పక్క మనిషి చెయ్యి వెనక బ్రేకు పెడల్‌కి అందేలా ఉండాలి. వాన పడి పలక తడిసిందా, ఆ పూట మానుకోండి.

బీచ్ రోడ్ బైకర్:
అద్దాలు ముందే విప్పేయండి. ఎవరిదైనా యమహా అయితే కుడి అద్దం మర ఉల్టా తిరుగుతుంది, బలవంతం పెట్టి విరగ్గొట్టకండి. ఈ చర్చలో యమహా లేదనుకోండి, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుందని.

కూర్మన్నపాలెం కుర్రోడు:
బెల్టులు ఎక్కడ వేయాలి? హ్యాండిల్‌కి కట్టేస్తే సరిపోదా?

బుల్లెట్ బాబాయ్:
హ్యాండిల్ కొసలకి వేస్తే ఏమవుతుందంటే, నువ్వు బిగించే కొద్దీ హ్యాండిల్ క్లాంపులో తిరుగుతుంది. తిరిగిన తర్వాత బెల్టు వదులు, పార్వతీపురం వెళ్లాక హ్యాండిల్ ఒక వంకర. హెడ్‌లైట్ కింద చూడు, రెండు ఫోర్కు గొట్టాలనీ కలిపి పట్టుకున్న ఇనప దిమ్మ ఉంటుంది. దానికి పైన ఒక్కో పక్క ఒక్కో మెత్తటి బట్ట లూపు వేసి, ఆ లూపులకి బెల్టు కొక్కెం తగిలించు. ఇనప కొక్కెం నేరుగా బండికి తగలకూడదు, పెయింటు పోతుంది. వేసే ముందు వేలితో తడిమి చూసుకో, లూపు కింద బ్రేకు గొట్టం గానీ, క్లచ్ కేబుల్ గానీ, యాక్సిలరేటర్ కేబుల్ గానీ నలగకూడదు. ఇక్కడ తొందరపడొద్దు.

అక్కడి నుంచి బెల్టులు రెండూ ముందుకీ, పక్కలకీ, కిందికీ పోవాలి, నిలువుకీ నేలకీ మధ్యలో సుమారు 45 డిగ్రీల వాలు. ఒక పక్క కాస్త, ఇంకో పక్క కాస్త, మార్చి మార్చి బిగించు, ఒకేసారి ఒక పక్క లాగేస్తే బండి అటే ఒరుగుతుంది. ముందు షాకులు సగం నొక్కుకున్నాక ఆపెయ్. పూర్తిగా అడుక్కి లాగేస్తే ఆయిల్ సీళ్ల మీద ఒత్తిడి, పైగా పెద్ద గుంట వస్తే దిగడానికి చోటుండదు, ఆ దెబ్బంతా ఫ్రేముకే.

వెనక బెల్టులు రెండు, పిలియన్ ఫుట్‌రెస్టు పట్టుకున్న ఫ్రేము దగ్గర. వాటి పని వెనక చక్రం పక్కకి ఎగరకుండా చూడటమే, ముందున్నంత బిగుతు అక్కర్లేదు. మొత్తం ఒక్కో బండికి నాలుగు బెల్టులు. లగేజీకి వాడే రబ్బరు తాళ్లని లెక్కలోకి తీసుకోవద్దు. స్టీరింగ్ లాక్ వేయొద్దు, చక్రం నేరుగా ఉండాలి.

స్పానర్ మేస్త్రీ:
బాబాయ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఏస్‌కి తాడు కొక్కేలు తొట్టి లోపల ఉండవు, బయట పక్క గోడ కింద ఉంటాయి. అంటే బెల్టు గోడ అంచు మీదుగా దిగాలి. ఆ రేకు అంచు చూడటానికి మొద్దుగా ఉంటుంది కానీ, దారి పొడుగునా బెల్టు దాని మీద రాసుకుంటూ ఉంటే దారాలు ఒక్కోటీ తెగుతూ వస్తాయి. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి అంచుకీ బెల్టుకీ మధ్య పెట్టి, తీగతో కట్టెయ్. గోనె కూడా పెట్టొచ్చు కానీ జారిపోతుంది.

రాచెట్ బెల్టు, అంటే మీట కొట్టి బిగించే ఈ బెల్టు, మొదటిసారి వాడుతుంటే ఇంట్లో ఓసారి బిగించి విప్పి చూసుకో. రాచెట్ ఇరుసు చీలికలోంచి బెల్టు దూర్చాక ముందు చేత్తో వదులంతా లాగేసి, తర్వాతే మీట కొట్టాలి. ఆ ఇరుసు మీద కనీసం రెండు చుట్లు పడాలి, మరీ ఎక్కువ చుట్టేస్తే ఇరుక్కుని విప్పేటప్పుడు సుత్తి కావాల్సి వస్తుంది. గాలికి బెల్టు బర్రుమని కొట్టుకుంటూ ఉంటే మధ్యలో ఒక్క మెలిక తిప్పి కట్టు, ఆ చప్పుడూ పోతుంది, కొట్టుకుని వదులవడమూ తగ్గుతుంది. మిగిలిన కొసని చుట్టి ముడేయి, వేలాడితే ఏస్ చక్రానికే చుట్టుకుంటుంది.

పాత లారీ:
ఫిషింగ్ హార్బర్ దగ్గర మంచి నైలాన్ మోకులు దొరుకుతాయి, వాటిని పట్టుకుంటే పడవలే కదలవు.

ఎంవీపీ డబుల్ రోడ్:
పడవకి సాగే తాడే కావాలి గురువుగారూ, అలకి తగ్గట్టు సాగి మళ్లీ లాగుతుంది. నైలాన్ గుణమే సాగడం. మనకి సాగనిది కావాలి, అందుకే ఈ బెల్టులు పాలియెస్టర్‌తో చేస్తారు. కొనేటప్పుడు బెల్టుకి కుట్టిన చీటీ చదవండి, తెగే బరువు వేరు, పనికి వాడాల్సిన బరువు వేరు. షాపువాళ్లు పెద్ద అంకె చూపిస్తారు, మీరు చిన్న అంకె చూడాలి. చీటీయే లేని బెల్టు తీసుకోవద్దు.

పాత లారీ:
ఇది మాత్రం ఒప్పుకోవాల్సిన మాటే. సాగుతుంది, నిజమే, అందుకే మేం దాబా దగ్గర ఆగినప్పుడల్లా లాగి చూసేవాళ్లం.

అరకు రైడర్:
ఆ ఆగి చూడటమే అసలు పని. మేం అరకు నుంచి ఇంజిన్ పట్టేసిన బండిని ఘాట్ దింపినప్పుడు బొడ్డవర వచ్చేసరికి ఎడమ బెల్టు చేత్తో ఊపితే ఊగుతోంది, పైన బయల్దేరేటప్పుడు తీగలా మోగింది అదే బెల్టు. మలుపుల్లో బండి అటూ ఇటూ వాలి టైరు కింద ఒక అంగుళం సర్దుకుంటుంది, అంతే. నీ దారిలో ఘాట్ లేదు కానీ స్పీడు బ్రేకర్లకి లోటు లేదు. బయల్దేరిన మొదటి 10 కిలోమీటర్లలోనే ఒకసారి ఆపించు, వదులు బయటపడేది అప్పుడే. తర్వాత విజయనగరంలో ఒకసారి, రామభద్రపురంలో ఒకసారి. డ్రైవర్ టీ తాగుతాడు, నువ్వు బెల్టులు చూసుకో.

కూర్మన్నపాలెం కుర్రోడు:
దారి ఏది మంచిది? పెందుర్తి, కొత్తవలస మీదుగా విజయనగరం అంటున్నారు ఆయన. ఇంకోటి, మా తమ్ముడు వెనక తొట్టిలో కూర్చుని పట్టుకుంటానంటున్నాడు.

స్పానర్ మేస్త్రీ:
వద్దు. వద్దంటే వద్దు. 190 కిలోల బండి ఒరిగితే మనిషి పట్టుకోలేడు, దాని కింద పడతాడు. సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించుకుంటే కేసు కూడా. మీ తమ్ముణ్ణి వెనకాలే ఇంకో బండి మీద రమ్మను, బెల్టు వదులైతే వాడికే ముందు కనిపిస్తుంది, హారన్ కొట్టి ఆపుతాడు.

అరకు రైడర్:
కొత్తవలస దారి దగ్గరే కానీ ఊళ్లు ఎక్కువ, బ్రేకర్లు ఎక్కువ. సబ్బవరం దగ్గర ఆరు లైన్ల రోడ్డెక్కి ఆనందపురం మీదుగా పోతే టోలు పడినా విజయనగరం దాకా రోడ్డు సాఫీ. నేనైతే అదే ఎంచుకుంటా.

పాలసీ పంతులు:
నా డ్యూటీ నేను చేస్తా. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితంలో సొంత బండి నష్టం అన్న భాగం తీసి చదువు. రోడ్డు, రైలు, జలమార్గం, లిఫ్టు, విమానం వీటిలో తరలించేటప్పుడు జరిగిన నష్టం కూడా అందులో ఉంటుంది. చాలామందికి ఇది తెలీక ఏస్ డ్రైవర్‌తో గొడవ పడతారు. థర్డ్ పార్టీ మాత్రమే కట్టి ఉంటే మాత్రం ఏమీ రాదు, నాన్నగారి స్ప్లెండర్‌కి ఏముందో చూసుకో. ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫోటోలు తియ్యి, ట్యాంకు, సైలెన్సరు దగ్గర నుంచి విడిగా తియ్యి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాపీలు ఏస్‌లో పెట్టు, దారిలో ఎవరైనా ఆపితే బళ్లు ఎవరివో చూపించాలి కదా.

బుల్లెట్ బాబాయ్:
పెట్రోలు మర్చిపోయాం. రెండూ కార్బొరేటర్ బళ్లు, పెట్రోలు కాక్ ఆఫ్ చెయ్యి. ట్యాంకు నిండుగా ఉంచొద్దు, అటువైపు వెళ్లాక బంకు దాకా పోయేంత ఉంటే చాలు. స్ప్లెండర్‌ని ఫస్ట్ గేరులో వదిలెయ్, చక్రం దొర్లకుండా ఉంటుంది, బుల్లెట్‌కి క్లచ్ జారుతుంది కాబట్టి దాన్ని గేరు ఆపుతుందని నమ్ముకోకు. స్ప్లెండర్ వెనక్కి చూస్తుంది కాబట్టి దాని వెనక చక్రం క్యాబిన్ గోడకి ఆనాలి, ముందు చక్రానికి అడ్డంగా ఒక చెక్క దిమ్మ పెట్టి కదలకుండా చూడు. బుల్లెట్‌కీ స్ప్లెండర్‌కీ మధ్య పాత దుప్పటి మడత పెట్టి తాడుతో కట్టు, ఊరికే పెడితే మొదటి బ్రేకర్ దగ్గరే జారిపోతుంది.

బెల్టులు కొనకు. నా దగ్గర ఎనిమిది ఉన్నాయి, లూపులు కూడా ఉన్నాయి. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరికి వచ్చి తీసుకెళ్లు, వచ్చినప్పుడు తిరిగిస్తే చాలు.

కూర్మన్నపాలెం కుర్రోడు:
బాబాయ్, పెద్ద ఉపకారం. ఆదివారం పొద్దున్నే వస్తాను. ఏస్ ఆయనకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను, మొదట నవ్వారు, తర్వాత సైకిల్ ట్యూబు ముక్కలు నా దగ్గరున్నాయి అన్నారు. పలకలు మా ఎదురింట్లో స్లాబు పని జరుగుతోంది, మేస్త్రీని అడిగాను, ఇస్తానన్నాడు. అక్కడ దింపడానికి పలకలు ఎలా?

స్పానర్ మేస్త్రీ:
వాటినే వెంట తీసుకెళ్లు, రెండు బళ్ల మధ్య పెట్టి, తొట్టి కంటే పొడవు కాబట్టి ఒక కొస తలుపు అంచు మీదికి వచ్చేలా కట్టెయ్. దింపేటప్పుడు బుల్లెట్ వెనక్కి దిగాలి, మొహం తొట్టి వైపే ఉండాలి, స్ప్లెండర్ మొహం తలుపు వైపే ఉంది కాబట్టి అది ముందుకే దిగుతుంది, మొదట బుల్లెట్‌ని దింపేయండి, చోటు వస్తుంది. బెల్టులు విప్పేటప్పుడు ఒకరు బండి మీద కూర్చుని ముందు బ్రేకు పట్టుకుని ఉండాలి. రాచెట్ మీట ఎత్తగానే షాకులు ఒక్కసారి పైకి లేస్తాయి, ఆ ఊపుకి బండి పక్కకి పడిపోగలదు.

పాత లారీ:
అన్నీ అయ్యాక బుల్లెట్ ఫ్రేముకి ఒక మోకు కూడా వేసుకో బాబూ, వదులుగానే. బెల్టు తెగితే అది పట్టుకుంటుంది. పడవ మోకు కాకపోయినా పర్లేదు.

బుల్లెట్ బాబాయ్:
ఈ మాట మాత్రం గురువుగారిదే రైటు. వేసుకో తమ్ముడూ.